ఖాతాలో లేని లారీ

లారీ షెడ్డులో అతన్ని అందరూ నిదానం అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. మిగతా డ్రైవర్లు త్వరగా చేరాలని ఇంజన్ల ప్రాణం తోడేస్తుంటే, అతను కొండదారిలో రెండో గేరు వేసి, నిండు గర్భిణిని చేయి పట్టుకుని నడిపించినట్టు బండి దించేవాడు. గాజు పలకలు, ఆసుపత్రి యంత్రాలు, పగిలే సరుకు ఏదొచ్చినా మేనేజరు "నిదానానికి ఎక్కించండి" అనేవాడు. "బాబాయి బయల్దేరుతున్నాడంటే ముందు సరుకు మీద గడువు తేదీ చూసుకోండ్రా" అని కుర్ర డ్రైవర్లు ఏడిపించేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆలస్యంగా వెళ్లాడన్న మాట ఉందిగానీ, అద్దం పగిలిందన్న మాట లేదు.

అలాంటివాడు ఒకరోజు షెడ్డు గేటులోంచి బండి బయటికి తీస్తూ ఎడమ పక్క స్తంభాన్ని గీరేశాడు. కాపలావాడు అక్కడే నిలబెట్టుకున్న స్కూటరు చక్రాల కింద అప్పడమైంది. కాపలావాడు లబోదిబోమంటుంటే, నిదానం దిగి వచ్చి స్కూటరు వంక వింతగా చూశాడు. అది అక్కడున్నట్టు అతనికి నిజంగా కనబడలేదు.

కళ్ల డాక్టరు అతని గడ్డం ఒక యంత్రం మీద ఆనించి, చేతికి ఒక మీట ఇచ్చి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా నొక్కమన్నాడు. చాలాసేపు కూర్చున్నాక నిదానం, "ఇంకా మొదలెట్టలేదా సార్?" అని అడిగాడు. అప్పటికి పరీక్ష అయిపోవచ్చింది.

"కంట్లో ఒత్తిడి పెరిగి పక్క చూపు పోయింది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది కాబట్టి మీకు తెలియలేదు. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. చుక్కల మందు రోజూ వేసుకోండి. లేజర్ కూడా చేయించాలి, దానికి డబ్బు సర్దుకోండి" అన్నాడు డాక్టరు.

లైసెన్సు పోయింది. కంపెనీ పాత మనిషని జాలిపడి, గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోమంది. తన బండిని ఇంకొకడు తోలుకుపోతుంటే గేటెత్తి పంపడం అతనివల్ల కాలేదు. నెల తిరక్కుండానే మానేశాడు.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడత పెట్టే పని చేసేది. ఆవిడ పనికి వెళ్లాక అతను బాల్కనీలో కూర్చుని కిందపోయే బస్సుల గేర్ల చప్పుడు వినేవాడు. "క్లచ్చు కొరుక్కు తింటున్నాడు వెధవ" అని ముఖం చూడని డ్రైవర్లను తిట్టేవాడు. మెల్లగా ఆ తిట్లు ఇంట్లోకి వచ్చాయి. కుళాయి కారితే కోపం, టీ చల్లారితే కోపం. జీవితంలో గొంతెత్తని మనిషి గిన్నెలతో కూడా పోట్లాడటం మొదలుపెట్టాడు.

ఆ ఇంట్లో మూడో మనిషి అతని మేనకోడలు. చెల్లెలు పోయాక, బావ ఇంకో పెళ్లి చేసుకుని పిల్లని పట్టించుకోకపోతే, నిదానమే వెళ్లి లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఆ పిల్ల ఏడవలేదు. ఈ మీట దేనికి, ఆ ముల్లు ఎందుకు కదులుతోంది అని అడుగుతూనే ఉంది. ఆ బుద్ధి పెద్దయ్యాకా పోలేదు. కంప్యూటర్లు బాగుచేసే కొట్టులో పనికి చేరింది. ముక్కలుగా వచ్చిన యంత్రాన్ని మాట్లాడించి పంపేది.

మామయ్య వాలకం చూసి చూసి ఒకనాడు, కొట్టులో ఎవరో వదిలేసిన భాగాలన్నీ కూర్చి ఒక కంప్యూటరు తయారుచేసి ఇంటికి తెచ్చింది. దాంతోపాటు బల్లకు బిగించే స్టీరింగు, కింద పెట్టే పెడళ్లు. అవి పాతవే. స్టీరింగు మీద తోలు ఒకచోట లేచిపోయి ఉంది.

"ఇదేంటే, బొమ్మల కొట్టు పెడతావా?" అన్నాడు నిదానం.

"లారీ ఆట మామయ్యా. ఊరికే ఒకసారి పట్టుకుని చూడు. నచ్చకపోతే రేపే తీసుకుపోతా."

ఆట మచ్చుకి కొంచెంసేపు ఉచితంగా ఆడుకోవచ్చు. అతను వెటకారంగానే కూర్చున్నాడు. తెర మీద రోడ్డు కనిపించింది, అద్దాలు కనిపించాయి, వెనకాల ట్రైలరు వంపు తిరగడం కనిపించింది. ఆ తెర సరిగ్గా అతని చూపు పట్టేంత ఉంది. పక్కన ఏముందోనన్న భయం లేదు. పక్కన ఏమీ లేదు. మొదటి మలుపు దగ్గర అతని కాలు తనంతట తనే క్లచ్చు నొక్కింది. భార్య పనినుంచి వచ్చేసరికి అతను చెమట పట్టిన ముఖంతో ట్రైలరును వెనక్కి తీసి గోదాము తలుపుకి ఆనిస్తున్నాడు. ఆవిడ చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి అతని ముఖం చూసింది. ఆ ముఖం చూసి చాలా కాలమైంది.

మచ్చు అయిపోయింది. ఆట పూర్తిగా కావాలంటే కొనుక్కోవాలి. అది డబ్బాలో పెట్టి అమ్మే వస్తువు కాదు. ఆటలమ్మే ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం ఉంది, అక్కడ మన పేర ఖాతా తెరవాలి, డబ్బు కడితే ఆట ఆ ఖాతాలో పడుతుంది. నిదానం దగ్గర ఉన్నది నొక్కుడు బటన్ల ఫోను, దానికి ఆ దుకాణం యాప్ ఎక్కదు. అందుకని మేనకోడలు తన నంబరుతోనే ఖాతా తెరిచింది. కానీ ఆ దుకాణం ఆ పిల్ల బ్యాంకు కార్డు తీసుకోనంది. రెండుమూడు సార్లు ప్రయత్నించినా అదే మాట.

"వేరేచోట కోడ్ అమ్ముతారు మామయ్యా. ఆ అక్షరాలు మన ఖాతాలో కొడితే ఆట తెరుచుకుంటుంది. అక్కడ కొంచెం తక్కువే. కాకపోతే అది అసలు దుకాణం కాదు, మధ్యవాళ్లు" అంది.

"తక్కువకొస్తే మంచిదేగా. కొనెయ్" అన్నాడు నిదానం.

ఆ డబ్బు అతను ఎక్కణ్నుంచి తెచ్చాడో ఆ పిల్ల అడగలేదు. బీరువాలో చీరల అడుగున భార్య లేజర్ కోసం దాస్తున్న డబ్బులోంచి తీశాడు. నెలనెలా కొంత పెన్షన్ వస్తుంది, పూడ్చేద్దాంలే అనుకున్నాడు.

మొదట వచ్చిన కోడ్ పనిచేయలేదు. 'ఇది ఇదివరకే వాడబడింది' అని తెర మీద పడింది. మేనకోడలు ఆ మధ్యవాళ్లకు రాసి, దెబ్బలాడి, కొన్ని రోజులకు ఇంకో కోడ్ సంపాదించింది. దాన్ని ఒక్కో అక్షరం కొట్టి, చివర మీట మాత్రం మామయ్య చేత నొక్కించింది. ఆట తెరుచుకుంది.

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో పండగలా గడిచాయి. నిదానం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని స్టీరింగు ముందు కూర్చునేవాడు. గాజు సామాను లోడు దొరికితే భార్యని పిలిచి చూపించేవాడు. "మీకు నిజంగా జీతమిస్తే బాగుణ్ను" అనేదావిడ, దుప్పటి విదిలిస్తూ. బాల్కనీలో కుర్చీ ఖాళీగా ఉండేది. కింద బస్సులు ఎలా పోయినా తిట్టేవాడు లేడు.

ఒక ఉదయం కంప్యూటరు పెట్టేసరికి ఆట లేదు. అది ఉండే చోట బూడిదరంగు పలక, దాని మీద ఒక వాక్యం. 'ఈ ఉత్పత్తి మీ ఖాతా నుంచి తొలగించబడింది.' నిదానం దాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టాడు. వైర్లు పీకి తగిలించాడు. సాయంత్రం మేనకోడలు వచ్చేదాకా ఆ పలక ముందే కూర్చున్నాడు.

ఆ పిల్ల దుకాణంవాళ్లకు రాసింది. మీరు వాడిన కోడ్‌ని ఎవరో దొంగ కార్డుతో కొన్నారు, అందుకే రద్దు చేశాం, అమ్మినవాళ్లను అడగండి అని జవాబొచ్చింది. అమ్మినవాళ్లేమో, మేం ఇచ్చినప్పుడు పనిచేసింది కదా, దుకాణంవాళ్లను అడగండి అన్నారు. ప్రతి జవాబు చివర 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని ఉండేది. ప్రతిసారీ కింద కొత్త పేరు ఉండేది. చింతించేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

నిదానానికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. "సరుకు దింపాం, సంతకం తీసుకున్నాం. కొన్నవాడు దాన్ని వాడుకుంటున్నాడు. ఇంకోరోజు మనం తాళం తీసి వాడింట్లోకి దూరి సరుకు ఎత్తుకొచ్చేస్తే దాన్నేమంటారు?" అన్నాడు.

"వాళ్లు అసలు అమ్మలేదట మామయ్యా. ఆడుకోవడానికి అనుమతి ఇచ్చారట. ఒప్పుకుంటున్నానని మనం నొక్కాం కదా, అందులో ఉందది."

"అంటే అద్దెకా?"

"అద్దె అయినా నయం. ఎప్పటిదాకానో చెప్తారు."

"ఆ ఆఫీసెక్కడుందో చెప్పు. నేనే వెళ్లి మాట్లాడతా. ఎంతమంది చెక్‌పోస్టువాళ్లతో మాట్లాడలేదు?"

"ఎక్కడో ఉంటుంది మామయ్యా. ఉన్నా మనలాంటివాళ్లు లోపలికి పోయే తలుపు దానికి ఉండదు."

ఆ పిల్ల మామయ్య కంటే ఎక్కువ నలిగిపోయింది. కొట్టులో భోజనం మానేసి ఆ సమయంలో ఉత్తరాల మీద ఉత్తరాలు రాసేది. నిదానం మాత్రం మళ్లీ బాల్కనీ ఎక్కాడు. ఈసారి తిట్లు కూడా లేవు. అది ఇంకా భయంగా ఉండేది.

లేజర్‌కి ఆసుపత్రివాళ్లు తేదీ ఇచ్చారు. భార్య సెలవు పెట్టుకుని, బీరువా తెరిచి, చీరల అడుగున చెయ్యిపెట్టింది. కాసేపటికి ముందుగదిలోకి వచ్చింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"డబ్బు మీరు తీశారా?"

నిదానం చూపు కోసం ఆవిడ వేళ్లు పాచిపోయేలా తడి దుప్పట్లు మోసి కూడబెట్టిన డబ్బు. దాన్ని ఆటకి తగలేశానని, ఆ ఆట కూడా లేదని ఏ నోటితో చెప్పాలి? నోరు తెరిచాడు. అనుకున్న మాట ఒకటి, వచ్చిన మాట ఇంకొకటి.

"అమ్మాయి చేతికిచ్చా. ఆట కొన్నానంది. ఆట ఏది మరి? డబ్బు ఎక్కడ పెట్టిందో దాన్నే అడుగు. తక్కువకొస్తుందని అదే చెప్పింది, ఎవరికి కట్టిందో, ఎంత కట్టిందో నాకేం తెలుసు?"

భార్య అతని వంక కాక, అతనికి ఎడమ పక్కగా చూస్తోంది. ఆ చూపు పట్టుకుని నిదానం తల తిప్పాడు. వంటగది గుమ్మంలో, చేతిలో టీ గ్లాసుతో మేనకోడలు నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. అతని చూపు లేనివైపు ఉంది.

ఆ పిల్ల అతని వైపు చూస్తూ నిలబడింది. నువ్వే కొనెయ్ అన్నావు కదా అని అనలేదు. అతనే అంటాడని చూసింది. ఒక్క మాట చాలు. ఆ మాట నిదానం గొంతుదాకా వచ్చింది. భార్య ముందు తల దించుకోవడం కంటే కాసేపు ఊరుకోవడం తేలికనిపించింది. ఊరుకున్నాడు.

మేనకోడలు టీ గ్లాసు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

అతను నిజంగా ఆ పిల్లని అనుమానించాడా అంటే, లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, భార్యకీ తెలుసు. ఆ సాయంత్రమే ఆవిడ అతనితో అంది. "దాని చెయ్యి ఎలాంటిదో నాకు తెలీదా? మీరు కాదని చెప్తారని చూశాను. అదీ అందుకే చూసింది." అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. రేపు చెప్తాలే అనుకున్నాడు. ఆ రేపు వచ్చినప్పుడు ఆ పిల్ల ముఖం మామూలుగా ఉంది. మామూలుగా ఉంది కదా, ఇంకెందుకు కెలకడం అనుకున్నాడు.

మేనకోడలు కొట్టు యజమాని దగ్గర జీతం ముందుగా తీసుకుని అత్తయ్య చేతిలో పెట్టింది. ఆవిడ వద్దంటే, బీరువాలో చీరల కింద తనే పెట్టేసి వచ్చింది. లేజర్ జరిగింది. తర్వాత ఆ యజమాని కార్డుతోనే, అసలు దుకాణంలోనే, పూర్తి ధర కట్టి ఆ ఆటని మళ్లీ కొంది. అప్పుడు కూడా అది వెంటనే రాలేదు. పాత గొడవవల్ల ఖాతా మీద అనుమానం ఉందని, ఎవరి కార్డో నిరూపించమని పట్టి ఉంచారు. యజమాని చేతిలో కార్డు పట్టుకుని ఫొటో దిగి పంపాల్సి వచ్చింది. "ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నా, నన్ను దొంగలా నిలబెట్టారు" అని ఆయన సణిగాడు. చివరికి ఆట వచ్చింది.

ఆ పిల్ల స్టీరింగు బిగించి, ఆట పెట్టి, "చూసుకోండి మామయ్యా, ఇది పోదు. బిల్లు కూడా ఉంది" అంది.

చూసుకోండి అంది. ఏడేళ్ల వయసు నుంచీ అతన్ని 'నువ్వు' అన్న పిల్ల. నిదానానికి చెంప మీద కొట్టినట్టయింది. ఏదో అనబోయేసరికి, అవతల ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోంది. ఇంకో ఊళ్లో ఫోన్లు బాగుచేసే కంపెనీలో పని దొరికిందట. హాస్టల్ కూడా చూసుకుందట. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని బస్టాండుదాకా వెళ్లింది. నిదానం మెట్ల దగ్గర ఆగిపోయాడు. పక్కన గోడ ఎక్కడుందో తెలియక మెట్లు దిగడం కష్టమని వంక చెప్పాడు.

ఆట బాగానే నడిచింది. పొద్దున్నే కూర్చునేవాడు, తోలేవాడు. ముఖం మాత్రం మునుపటిలా తెరుచుకోలేదు. గాజు లోడు వచ్చినా భార్యని పిలవలేదు. కొన్నాళ్లకు ఒకరోజు కరెంటు పోయి వచ్చాక, కంప్యూటరు అతన్ని గుర్తుపట్టనంది. 'మీ ఫోనుకు పంపిన అంకెలు కొట్టండి' అని అడిగింది. నిదానం తన ఫోను తీసి చూశాడు. ఏమీ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఖాతా ఆ పిల్ల నంబరుతో ఉంది. అంకెలు ఆ పిల్ల ఫోనుకే వెళ్తాయి.

ఒక రోజంతా ఆగాడు. మర్నాడు ఫోను చేశాడు.

"అమ్మాయీ, నేను. అంకెలు అడుగుతోంది."

"ఇప్పుడే వచ్చాయి. చెప్తున్నా కొట్టండి."

చెప్పింది. అతను రెండు వేళ్లతో వెతుక్కుంటూ కొట్టేసరికి గడువు దాటిపోయింది. మళ్లీ పంపించుకుని మళ్లీ చెప్పింది. విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే అతనికి ప్రాణం కుదుటపడేది. ఆట తెరుచుకుంది. "వచ్చిందా? ఉంటా మరి" అని పెట్టేసింది.

ఇంకోసారి అలాగే జరిగింది. ఈసారి నిదానం ముందే అనుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల "హలో" అనగానే మొదలుపెట్టాడు.

"అమ్మాయీ, ఆ రోజు నేను మీ అత్తతో అన్నమాట..."

"మామయ్యా, టైం అయిపోతుంది. అంకెలు రాసుకోండి."

"అంకెలు తర్వాత. నేను చెప్పేది..."

"అది ఎక్కువసేపు ఉండదు. మళ్లీ అడిగితే ఖాతా మూసేస్తారు. కొట్టండి."

కొట్టాడు. చివరి అంకె కొట్టేసరికి ఫోనులో చప్పుడు లేదు. ఆట తెరుచుకుంది. అతను ఆ రోజు తోలలేదు.

ఆ తర్వాత అతను కంప్యూటరు ఎప్పుడు అడుగుతుందా అని ఎదురుచూడసాగాడు. అడిగితే ఫోను చేయొచ్చు. ఊరికే చేయడానికి ముఖం చెల్లదు, దీనికైతే కారణం ఉంది. ఈసారి ముందు అంకెలు కొట్టేసి, ఆ తర్వాత చెప్పాలి. ఆ పిల్ల పెట్టేసేలోపు చెప్పగలిగేంత చిన్న మాట కావాలి. తప్పు నాది. అంతే. అది చాలు. బల్ల ముందు కూర్చుని పెదాలు కదుపుతూ ఆ మాట అనుకుంటూ ఉండేవాడు. భార్య చూసి, తోలుతూ తనలో తను మాట్లాడుకుంటున్నాడనుకుంది.

ఒక సెలవురోజు భార్య ఫోను మోగింది. మేనకోడలు. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. తిన్నావా, గదిలో గాలొస్తుందా, జలుబు తగ్గిందా అంది. మధ్యలో కంప్యూటరు ముందుకొచ్చి, ఆ పిల్ల ఫోనులో చెప్పినట్టల్లా ఒక్కోచోట నొక్కింది. పక్కనే కూర్చున్న నిదానం చేయి చాపాడు, ఫోను ఇటివ్వమన్నట్టు. ఆవిడ "మామయ్య మాట్లాడతారట" అంది. అవతల ఏదో చెప్పింది. ఆవిడ "సరే, సరే" అని పెట్టేసింది.

"ఏమంది?"

"పనికి టైమయిందంట. ఖాతా నా నంబరుకి మార్చేసింది. ఇకనుంచి అంకెలు నా ఫోనుకే వస్తాయట. దాన్ని అడగక్కర్లేదంది. మీకు ఇబ్బందని."

నిదానం తలూపాడు.

కొన్నాళ్లకు కంప్యూటరు మళ్లీ అంకెలు అడిగింది. భార్య దుప్పటి మడతపెట్టడం ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని, ఫోను చూసి ఒక్కొక్కటే చదివింది. అతను కొట్టాడు. మొదటిసారికే పడ్డాయి. తెర మీద రోడ్డు వచ్చింది.

ఆవిడ ఫోను చేతిలోనే పట్టుకుని, "అమ్మాయికి ఒకసారి చేద్దామా?" అంది.

"దేనికి?" అన్నాడు నిదానం.

ఆవిడ కళ్లద్దాలు తీసి, మిగిలిన దుప్పటి మడత పెట్టుకుంది. అతను మొదటి గేరు వేశాడు.